తగ్గించిన ఆట

ఏప్రిల్ 24, గురువారం

ఇది కాలేజీ ల్యాబు రికార్డు పుస్తకం. కుడి పక్క గీతల పేజీ, ఎడమ పక్క బొమ్మలకి తెల్ల పేజీ. పద్దెనిమిదేళ్ళుగా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పిల్లల రికార్డుల మీద సంతకాలు పెడుతున్నానే గానీ, నా కోసం ఒక్క పేజీ రాసుకున్న పాపాన పోలేదు. ఇందులో మెషీను గురించి రాస్తాను. మెషీను గురించే రాస్తాను.

ఎయిమ్: ఇంట్లో పెట్టుకునే చిన్న వీడియో గేమ్ మెషీను తయారు చెయ్యడం. మా చిన్నప్పుడు రూపాయి బిళ్ళ వేసి నిలబడి ఆడేవారే, అలాంటిది.

ఎవరికి: ఈయనకి.

ఎందుకు: వేళ్ళకి పని చెప్పమని ఫిజియోథెరపీ అమ్మాయి సలోమి చెప్పింది. రబ్బరు బంతి ఇస్తే ఈయన దాన్ని మంచం కిందకి దొర్లించేశారు. నలభై నాలుగేళ్ళ మగవాడికి బంతి ఏమిటన్నారు. నిజమే. ఆట ఏదో ఒకటి కావాలంటే, ఈయనకి వచ్చిన ఆట ఒక్కటే.

కావలసినవి: చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి. కాలేజీ స్క్రాపులో పడున్న పదిహేడు అంగుళాల మానిటరు. జాయ్‌స్టిక్, ఆరు బటన్లు, వైర్లు. చెక్క పెట్టె. ఓపిక.

ఏప్రిల్ 25

మెషీను గురించే రాస్తానన్నాను. ఒక్క రోజు కూడా ఆగలేకపోయాను.

పదహారో తారీఖున విజయవాడ వెళ్ళాం. ఈయన్ని లోపల పడుకోబెట్టి చేతులకీ కాళ్ళకీ సూదులు గుచ్చి పరీక్ష చేశారు. డాక్టరు గారు బయటికొచ్చి, మీతో మగవాళ్ళెవరైనా వచ్చారా అమ్మా అని అడిగారు. లేరండీ, నాకే చెప్పండి అన్నాను. చెప్పారు. వరండాలో, అటూ ఇటూ స్ట్రెచర్లు పోతుంటే, నిలబడే చెప్పారు. కండరాలకి వెళ్ళే నరాలు ఒకటొకటిగా ఎండిపోతాయిట. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, తర్వాత నాలిక, ఆఖరికి ఊపిరి. ఆపే మందు లేదు. కాస్త ఆలస్యం చేసే మాత్ర ఒకటుంది. రెండేళ్ళు, మూడేళ్ళు, అదృష్టం బాగుంటే నాలుగు. దానికి మూడక్షరాల ఇంగ్లీషు పేరుంది. ఆ పేరు నేను ఇక్కడ రాయను.

ఆయనకి మెల్లగా మీరే చెప్పండి అన్నారు.

లోపలికి వెళ్ళేసరికి ఈయన చొక్కా బొత్తాలతో తంటాలు పడుతున్నారు. ఏమన్నాడు అని అడిగారు. నరాల బలహీనతన్నారండీ, మందులు వాడితే తగ్గుతుందిట, అన్నాను. ఆలోచించి అనలేదు. నోట్లోంచి అదే వచ్చింది. అదే అనుకున్నా అన్నారీయన, మొహం తేటపడింది. ఆ మొహం చూశాక మాట ఎలా మారుస్తాను?

ఇంటికి రాగానే అత్తయ్యగారు మంగాయమ్మగారు గుమ్మంలోనే అడిగారు. ఆవిడకీ అదే చెప్పాను. మా వైపు నరాల బలహీనత అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. ప్రతి ఇంట్లోనూ ఒకరికి ఉంటుంది. అత్తయ్యగారు నువ్వుల నూనె కాచడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

రిపోర్టుల ఫైలు నా కాలేజీ బీరువాలో ఉంది. మాత్రలు అట్టలోంచి తీసి వక్కపొడి డబ్బాలో పోశాను. ఈయన ఫోనులో వెతుక్కోలేరు, వేళ్ళు అక్షరాల మీద నిలబడవు. నాకు అన్నీ కలిసొస్తున్నాయి.

మే 3

ఏలూరు వెళ్ళి మోయిన్‌తో చెక్కపెట్టె సంగతి మాట్లాడాను. పవర్‌పేటలో ఫర్నిచర్ పని చేస్తాడు. ఈయనా అతనూ హైస్కూల్లో ఒక బెంచీ. ట్యూషన్ ఎగ్గొట్టి వీడియో గేముల షాపుకి పోయేవారు. ఈయన ఒక్క రూపాయితో గంట ఆడేవారుట, వెనక జనం మూగేవారుట. మోయిన్ రూపాయి రెండు నిమిషాల్లో అయిపోయేది, మిగతా గంటా ఈయన వెనక నిలబడి చూసేవాడు. విమానాల ఆట అది. ఎదురొచ్చే విమానాలని పేల్చాలి, మన విమానానికి గుండు తగలకూడదు. మూడు లైఫులు. మూడో స్టేజి ఎలా ఉంటుందో నేను హేమంతు భుజమ్మీంచి చూడ్డమే చెల్లెమ్మా, అన్నాడు మోయిన్.

కొలతలు రాసుకుంటూ, ఎత్తు ఎంత పెట్టమంటావు, నిలబడి ఆడతాడా అని అడిగాడు. కూర్చునే అన్నాను. పెన్సిలు ఆపి నా వైపు చూశాడు. ఎన్నాళ్ళకి తగ్గుతుందన్నారు అన్నాడు.

ఆరు నెలలు, అన్నాను.

ఇంటికి తిరిగొచ్చే గూడెం బస్సులో కూర్చున్నాక లెక్క వేశాను. ఈయనకి ఒకటి, అత్తయ్యగారికి ఒకటి, సలోమికి ఒకటి, మోయిన్‌కి ఒకటి. అందరికీ ఒకే అబద్ధం కాబట్టి ఒకటే అనుకోవచ్చేమో.

మే 11

ఈయన కంపెనీ వాళ్ళు సెలవిచ్చారు గానీ చెరువుల రైతులు ఇవ్వలేదు. పొద్దున్న ఆరింటికి గణపవరం నించి నరసరాజుగారు ఫోను. ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాను. చేపలు తెల్లారగట్ల పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయిట. ఈయన నాలుగే ప్రశ్నలు అడిగారు. నీళ్ళ రంగు, వాసన, మోటార్లు ఎన్ని తిరుగుతున్నాయి, మీటరులో ఆక్సిజన్ ఎంత చూపించింది. తర్వాత అన్నారు: "చెరువు పోతోందండీ. ఈ పూటే పట్టుబడి పెట్టించి చేపలన్నీ తీయించెయ్యండి."

రెండు రోజులు చూద్దామాండీ అని ఆయన బతిమాలుతున్నట్టుగా అడిగారు. చూడ్డానికి రెండు రోజులు లేవండీ అన్నారు ఈయన, మెత్తగానే. గణపవరం నించి కైకలూరు దాకా ఇరవై ఏళ్ళు బండి మీద తిరిగి ఈయన సంపాదించుకున్న పేరు అదే. ఈయన చేపల మేత అమ్మే కంపెనీ మనిషే అయినా, చెరువు సంగతి ఉన్నదున్నట్టు చెప్తారని.

ఫోను పెట్టేశాక నాతో అన్నారు, చెప్పకపోతే చెరువూ పోతుంది, పట్టుకునే టైమూ పోతుంది అని. నేను బటను వైర్లు కలుపుతున్నాను. ఎర్ర వైరు నల్లదాని చోట పెట్టాను. మళ్ళీ ఊడదీశాను.

మే 19

బోర్డు పనిచేసింది. బల్ల మీదే జాయ్‌స్టిక్ తగిలించి ఈయన చేతికిచ్చాను. బటను నొక్కితే లోపల చిన్న స్విచ్చి టక్కుమంటుంది. ఈయన కళ్ళు మూసుకుని, ఇదే చప్పుడు అన్నారు. పదిసార్లు నొక్కారు. పదకొండోసారి బొటనవేలు బటను మీద ఉంది, చప్పుడు రాలేదు.

స్ప్రింగు గట్టిగా ఉంది. చైనా సరుకు.

మే 20

స్ప్రింగు ఒక చుట్టు కోశాను.

మే 27

ఇంకో చుట్టు.

జూన్ 8, ఆదివారం

మోయిన్ ట్రాలీ ఆటోలో పెట్టె తెచ్చాడు. నీలం సన్మైకా, అంచులకి నల్ల బీడింగు. షాపుల్లో వాటిలా అయిదడుగులు కాదు, కూర్చుని ఆడ్డానికి మూడున్నర అడుగులే. బీరువా పక్కన పెట్టాం. అత్తయ్యగారు దానికి కుంకం బొట్టు పెట్టి, ఇందులో సీరియళ్ళు వస్తాయా అమ్మా అని అడిగారు. ఏలూరులో పనుందని మోయిన్ వెంటనే వెళ్ళిపోయాడు, ఆట చూడకుండానే. మంచిదయింది.

ఈయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మొదటి స్టేజిలోనే మూడు లైఫులూ పోయాయి. నిమిషం కూడా పట్టలేదు. అలవాటు తప్పిందే అని నవ్వారు. మళ్ళీ ఆడారు. మళ్ళీ. నాలుగోసారీ అయిదోసారీ నవ్వారు. ఏడోసారి నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరపబోతే కాలు సహకరించక, నన్ను జరపమన్నారు.

నెలన్నర చేసిన మెషీను. దాన్ని చూస్తే నాకే కడుపు మండింది. ఈయనకి సంతోషం కొనుక్కొద్దామని పోయి, ఓడిపోయే పెట్టె ఒకటి ఇంట్లో తెచ్చిపెట్టాను.

జూన్ 9

ఈయన స్నానానికి వెళ్ళినప్పుడు సెట్టింగులు మార్చాను. ఎదురొచ్చే గుళ్ళ వేగం సగానికి తగ్గించాను. గుండు తగిలినా అయిదింటిలో ఒకటే లెక్కకి వచ్చేలా పెట్టాను. స్క్రీను మీద మాత్రం లైఫులు మూడే కనబడతాయి.

టెస్టింగ్ కోసమే. రేపు మార్చేస్తాను.

జూన్ 10

రేపు.

జూన్ 14

ఆరో స్టేజి!

ఈయన కేక విని అత్తయ్యగారు గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చారు. పాత రోజుల్లో ఈయన ఎనిమిదో స్టేజి దాకా వెళ్ళేవారుట. వేళ్ళతో కాదు, మణికట్టుతో బటన్లు కొడుతున్నారు, అయినా ఆరో స్టేజి. చూశావా, తగ్గుతోంది, అన్నారు. అత్తయ్యగారు అది నువ్వుల నూనె మహిమ అన్నారు. సలోమి కూడా మీలో హుషారు వచ్చింది సార్ అంది. నేను పాయసం చేశాను. ఇంకేం చెయ్యను?

మా కాలేజీలో పిల్లలు రీడింగులు వండి వార్చి తెస్తే రికార్డు మొహాన కొడతాను. ప్రయోగం చెయ్యకుండా ఫలితం రాసుకొచ్చేవాడు ఇంజనీరు కాడు, దొంగ అంటాను. మొన్న మార్చిలోనే ఒక పిల్లని అందరి ముందూ ఏడిపించాను. వాళ్ళింట్లో ఏ అవసరం వచ్చిందో అడగలేదు.

జూన్ 23

ఈయన మేనేజరు ఫణికిరణ్ వచ్చాడు. గణపవరం, కైకలూరు మండలాల్లో ఏ చెరువు అడుగు ఎలాంటిదో, ఏది ఏ నెలలో నీళ్ళు పాడై తిరగబడుతుందో ఈయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఎక్కడా రాసి లేదు. రోజుకో గంట కూర్చుని చెప్పండి సార్, నేను రికార్డు చేసుకుంటాను, కొత్తవాళ్ళకి పనికొస్తుంది అన్నాడు. ఈయనకి ఎంత గర్వమో, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు.

"తగ్గాక తీరిగ్గా చెప్తానండీ," అన్నారు. "ఇంట్లో కూర్చుని చెప్తే ఏం బావుంటుంది? బండి మీద తిప్పుతూ చూపిస్తూ చెప్తాను."

ఇప్పుడే చెప్పెయ్యండి అని నేను అనచ్చు. ఎందుకూ అంటారు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

జూలై 6

ఈయన నోట ఇప్పుడు ఎప్పుడు చూసినా తగ్గాక అన్న మాటే. తగ్గాక కొల్లేరు గట్టు మీద నన్ను బండి మీద తిప్పుతారుట. తగ్గాక చింతలపూడిలో వాళ్ళ చిన్నాన్న పామాయిల్ తోట చూసొద్దాంట. తగ్గాక ఈ ఇంటికి రంగులు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఈయన ఇన్ని చోట్లకి రమ్మనలేదు. బండి తాళం తిప్పే బలం మార్చిలోనే పోయింది, పోనీ ఆటోలో వెళ్దాం రండి అంటే, ఆటోలో ఏం ఖర్మ అంటారు.

జూలై 17

స్ప్రింగు పూర్తిగా తీసేశాను. జాయ్‌స్టిక్ వదిలేస్తే దానంతటది మధ్యకి రావడం లేదు. మెత్తటి స్పాంజి ముక్క పెట్టాను.

ఆగస్టు 2

గుళ్ళ వేగం ఇంకాస్త తగ్గించాను. టెస్టింగ్ కోసం అని రాయబోయి ఆగాను.

ఆగస్టు 20

మా ఊరిని అందరూ గూడెం అంటారు. ఈయన మాత్రం ఫోనులో అయినా సరే తాడేపల్లిగూడెం అని పూర్తిగా అనేవారు. వారం నించి గూడెం అంటున్నారు.

పై పన్ను ఒకటి కదులుతోందిట. నాలిక దానికి తగులుతోందిట. పన్ను అయ్యుంటుంది.

ఆగస్టు 21

పన్ను కాదు.

సెప్టెంబరు 14

స్కోరు పట్టీలో పై అయిదూ ఈయనవే. మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టమంటుంది మెషీను, ఈయన హెచ్ ఈ ఎమ్ అని చెప్తే నేను కొడతాను. ఇంటికి ఎవరొచ్చినా ముందు మెషీను దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తున్నారు. ఎదురింటి జీవరత్నంగారు, పెద్ద పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు, ఆయనకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా బ్రహ్మాండమండీ అంటారు. అన్నం ఇప్పుడు నేనే కలిపి పెడుతున్నాను. నోట్లో ముద్ద ఉండగానే స్కోరు సంగతులు చెప్తారు, ఒక్కోసారి పొలమారుతుంది, నాకు ప్రాణం పోతుంది. తిన్నాక చెప్పండి అంటే, నీకు దిగులెక్కువే అంటారు.

ఈ మనిషికి ఇప్పుడు లోకంలో సరిగ్గా నడుస్తున్నది ఆ ఆట ఒక్కటే. దాన్ని ఎవరు ఆపుతారు, ఎలా ఆపుతారు. నేను ఆపను.

అక్టోబరు 5, ఆదివారం

మోయిన్ వచ్చాడు. పెట్టె తెచ్చిననాటి తర్వాత ఇదే రావడం. వాళ్ళావిడ నజ్మా చేసిన సేమ్యా డబ్బాతో వచ్చాడు. దసరా వెళ్ళిన మర్నాటి నించీ ఈయన అతని కోసం ఎదురుచూస్తున్నారు, స్కోరు చూపించాలని. నాకు భయం వెయ్యలేదు. భయపడాలని తట్టలేదు, అదీ నా తెలివి.

ఈయన ఏడో స్టేజి దాకా ఆడి చూపించారు. మోయిన్ వెనకే నిలబడి చూశాడు, పాత రోజుల్లోలాగే. తర్వాత ఈయన, నువ్వాడరా అన్నారు. నాకెక్కడ వస్తుందిరా అని మోయిన్ నవ్వుతూ కూర్చున్నాడు. రెండో స్టేజి దాటాడు. మూడు దాటాడు. ఒరే హేమంతూ, నీ ఇంట్లో నాకు చెయ్యి తిరిగిందిరా అని చిన్నపిల్లాడిలా కేకలేశాడు. నాలుగు దాటాడు. అప్పుడు ఈయన వైపు చూశాను. ఈయన స్క్రీను చూడ్డం లేదు. నన్ను చూస్తున్నారు.

అయిదో స్టేజిలో మోయిన్ ఆపేశాడు. అతనికీ ఏదో అర్థమయింది. చెక్కపని మనిషి, కొలత తేడా వస్తే కంటికి తెలిసిపోతుంది. సేమ్యా చల్లారకముందే తినండి అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అతను గేటు దాటేదాకా ఈయన ఆగారు. తర్వాత నెమ్మదిగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నారు.

"వాడు జన్మలో రెండో స్టేజి దాటలేదు. నన్ను ఆటలో అరటిపండుని చేశావా?"

చిన్నపిల్లల్ని అలా చేస్తాం. ఆడుతున్నామని వాళ్ళు అనుకోవాలి, కానీ వాళ్ళని ఎవరూ ఔట్ చెయ్యరు, వాళ్ళు గెలిచినా లెక్కలేదు. మా చెల్లెలు చిన్నప్పుడు, నన్ను అరటిపండు చెయ్యద్దని వీధిలో పడి దొర్లి ఏడ్చేది. ఈయన ఏడవలేదు. మామూలుగా పెట్టు అన్నారు.

పెట్టాను. రెండుసార్లు తప్పు నొక్కాను. అసలు వేగం, అసలు గుళ్ళు, అసలు మూడు లైఫులు. ఈయన మణికట్లు రెండూ బటన్ల మీద పెట్టి ఆడారు. నలభై సెకన్లు. మూడు వందల పాయింట్లు.

"ఇదీ నాది," అన్నారు స్క్రీను చూస్తూ. "మొదట్లో అనుమానం వచ్చింది. నమ్మాలనిపించి నమ్మాను." నా వైపు తిరిగారు. "విజయవాడలో డాక్టరు చెప్పింది కూడా ఇలాగే తగ్గించి చెప్పావా?"

ఇదీ అడగాల్సిన ప్రశ్న, ఇదీ చెప్పాల్సిన సమయం. ఆరు నెలలుగా నేను ఎదురుచూసింది ఇలా అడుగుతారనే కదా. ఈయన మొహంలోకి సూటిగా చూసి, లేదండీ అన్నాను.

ఈయన తల ఊపారు. నమ్మినట్టు కాదు.

"రైతుకి నేనెప్పుడూ దాచలేదు దుర్గా. జూన్‌లో ఫణికిరణ్ అడిగాడు. అప్పటికి నా నాలిక బాగుంది."

అంతే. ఇంక మాట్లాడలేదు.

అక్టోబరు 6

మాట్లాడలేదు.

కాలేజీకి వెళ్ళాను. బీరువా తెరిచి ఫైలు తీశాను. మళ్ళీ పెట్టేశాను. మళ్ళీ తీశాను. ఇంటికి మాత్రం తేలేదు. తెస్తే ఏమవుతుంది? ఏమీ అవ్వదు. ఇక అయ్యేదేముంది? అయినా తేలేదు.

అక్టోబరు 7

మాట్లాడలేదు. అత్తయ్యగారు, వాడేంటమ్మా అలా ఉన్నాడు అని అడిగారు. నరాల బలహీనతకి చిరాకు ఉంటుందిట అన్నాను. నా నాలిక కదా, దానికి ఏ జబ్బూ లేదు, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

అక్టోబరు 8, బుధవారం

మూడో రోజు. ముద్ద పెడితే నోరు తెరుస్తున్నారు, నా మొహం చూడరు. కోపమొచ్చిన మగవాడు విసురుగా లేచి, తలుపు దడాలున వేసి బయటికి పోతాడు. తిరిగి తిరిగి ఆకలేస్తే ఇంటికొస్తాడు. ఈయనకి ఆ వీలు కూడా లేదు. నా మీద ఎంత కోపంగా ఉన్నా లుంగీ నేనే కట్టాలి, మూతి నేనే తుడవాలి. పోట్లాడుకునే హక్కు కూడా లేకుండా పోయింది ఆ మనిషికి. ఏం మొహం పెట్టుకుని తుడవను?

సాయంత్రం అయిదింటికి మాట్లాడారు.

"చెప్పులు వెయ్యి."

ఎక్కడికండీ అన్నాను. బయటికి, నువ్వు రాకు అన్నారు.

కింద కూర్చుని ఒక్కో కాలూ ఎత్తి చెప్పులు తొడిగాను. నా మీద అలిగి పోయే మనిషికి నేనే చెప్పులు వేస్తున్నాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ మింగేశాను. గేటు తీశాను. కుడికాలు ఈడుస్తూ వీధి మొదట్లో కొబ్బరిబొండాల బండి దాకా వెళ్ళారు. పశువులు లోపలికి వస్తాయని అలవాటుగా గేటు గొళ్ళెం వేసేశాను. వెనకాలే వెళ్ళమ్మా, పడిపోతాడు అని అత్తయ్యగారు గొడవ. రావద్దన్నారండీ అన్నాను.

పావుగంటకి తిరిగొచ్చారు. గేటు అవతల నిలబడ్డారు. గొళ్ళెం పైకెత్తాలి. మణికట్టు కింద పెట్టి ఎత్తబోయారు, జారిపోయింది. మళ్ళీ పెట్టారు. ఎదురింట్లోంచి జీవరత్నంగారు గబగబా వచ్చారు, ఈయన వద్దని తల అడ్డంగా ఊపితే అక్కడే ఆగిపోయారు పాపం.

నేను మెట్టు మీద ఉన్నాను. ఆరు అడుగుల దూరం. వెళ్ళి తీసేస్తే అయిపోతుంది. చెయ్యి దానంతటదే లేచింది. కానీ అడక్కుండా తీస్తే ఆటలో చేసిన పనే మళ్ళీ చేసినట్టు. తియ్యనా అని అడిగితే వద్దంటారు. అందుకని నిలబడ్డాను. మొగుడు సొంత ఇంటి గేటు తీసుకోలేక అవస్థ పడుతుంటే చూస్తూ నిలబడిన పెళ్ళాం అని వీధంతా అనుకుని ఉంటుంది. అనుకోనీ. నాలుగోసారి కూడా జారింది. అయిదోసారి ఎత్తలేదు. గేటు మీద నుదురు ఆనించి కాసేపు ఉండి, "దుర్గా, తియ్యి" అన్నారు.

తీశాను.

వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఆ డాక్టరు ఏం చెప్పాడో అంతా చెప్పమన్నారు. వరండాలో స్ట్రెచర్ల దగ్గర నించి మొదలుపెట్టి చెప్పాను. చేతులు, కాళ్ళు, నాలిక, ఊపిరి. ఆ మూడక్షరాల పేరు చెప్పాను. పైకి పలకడం అదే మొదటిసారి. ఎన్నాళ్ళన్నాడు అని అడిగారు.

"రెండు నించి నాలుగేళ్ళన్నారండీ. అందులో ఆరు నెలలు నేను తినేశాను."

అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి విన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళి దీపం పెట్టుకున్నారు. ఈయన వీధి వైపు చూస్తూ కూర్చున్నారు. క్షమించండి అని నేను అడగలేదు. అడిగితే సరేలే అంటారు, ఈయన అలాంటివారే. ఆ సరేలే నాకు వద్దు.

చీకటి పడుతుండగా చెప్పులు తియ్యమన్నారు. కింద కూర్చుని తీశాను. కుడికాలు ఈడ్చి నడిచారు కదా, బొటనవేలు పక్క చర్మం లేచిపోయి నెత్తురు వచ్చింది. నొప్పిగా ఉందా అండీ అని అడిగాను. ఆరు నెలలుగా రోజూ అడుగుతాను, రోజూ లేదంటారు, అలవాటుగా అడిగాను.

"ఉంది," అన్నారు.

ఈ వేలేనా అన్నాను.

"అన్నీ. పిక్కలు, భుజాలు, మెడ."

ఎప్పట్నించండీ అన్నాను.

"మొదట్నించీ," అన్నారు. "నువ్వు భయపడతావని."

లేచి వెళ్ళి వేడినీళ్ళు పెట్టాను. కాలు కడగాలి.